నీరు పల్లమెరుగు: వాలు లెక్క నడిచి వచ్చిన దారి

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అన్నారు పెద్దలు. పల్లం ఎటున్నదో నీటికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎంత పల్లమో మాత్రం మనిషే తెలుసుకోవాలి. అది తెలియకపోతే కాలువ తవ్వినా నీరు చివరి మడికి చేరదు, లేదా చేరేలోగా గట్టును కోసేస్తుంది. ఆ "ఎంత"కు మనిషి పెట్టుకున్న కొలతే వాలు.

మన బడిలో చదివిన వారందరూ ఈ మాటను ఒకసారి దాటి వచ్చినవారే. గ్రాఫు కాగితం మీద రెండు బిందువులు, వాటి మధ్య ఒక గీత, పక్కన "ఎం = (వై2 – వై1) / (ఎక్స్2 – ఎక్స్1)" అన్న సూత్రం. పరీక్షలో రెండు మార్కులు, అంతటితో చాలామందికి ఆ పరిచయం ముగిసింది. లెక్కలు చెప్పి రిటైరైన పాత విద్యార్థిగా, ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆ సూత్రం వెనక ఉన్న మూడున్నర వేల ఏళ్ల కథను మిత్రుల ముందు పెట్టాలనిపించింది. చివరిలో మన సంఘానికి ఒక పని కూడా ఉంది.

పిరమిడ్ నీడలో

వాలును లెక్కగా రాసిన అతి పాత ఆధారాల్లో ఒకటి ఈజిప్టులో దొరికింది. అహ్మెస్ అనే లేఖకుడు సుమారు క్రీ.పూ. 1550 ప్రాంతంలో, తనకంటే పాతదైన ఒక ప్రతిని చూసి రాసుకున్న లెక్కల చుట్ట అది. 1858లో లక్సర్‌లో దానిని కొన్న స్కాట్లండ్ వాసి పేరు మీద రిండ్ పపైరస్ అంటున్నాం. ఇప్పుడు అది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులోని 56వ లెక్క ఇది: ఒక పిరమిడ్ అడుగు భుజం 360 మూరలు, ఎత్తు 250 మూరలు, దాని "సెకెడ్" ఎంత?

సెకెడ్ అంటే ఒక మూర పైకి వెళ్లేసరికి గోడ ఎంత లోపలికి జరగాలి అన్న కొలత. రాజుగారి మూరకు ఏడు బెత్తెలు. అహ్మెస్ లెక్క సూటిగా నడుస్తుంది. పిరమిడ్ శిఖరం అడుగు మధ్యభాగానికి నేరుగా పైన ఉంటుంది కనుక 360లో సగం, అంటే 180 తీసుకున్నాడు. 180ని 250తో భాగించాడు. వచ్చినది 0.72 మూర. ఈజిప్టువారికి దశాంశాలు లేవు కనుక దానిని అర, అయిదో వంతు, యాభయ్యో వంతు కలిపి రాశాడు. ఏడుతో గుణిస్తే 5 బెత్తెలు, ఇంకా ఒక బెత్తెలో ఇరవై అయిదో వంతు.

ఈ సంఖ్య కట్టేవాడికి ఎందుకు? పిరమిడ్‌ను నాలుగు వైపుల నుంచి వరుస మీద వరుసగా కట్టుకుంటూ పోవాలి. నాలుగు ముఖాల వాలూ ఒకటే కాకపోతే పైన నాలుగు అంచులూ ఒక్క బిందువులో కలవవు. ఆ పొరపాటు వంద అడుగుల పైకి వెళ్లాక బయటపడితే దిద్దుకోవడానికి దారి లేదు. అందుకే ప్రతి రాయినీ ఒకే సెకెడ్‌తో చెక్కాలి. గిజాలోని పెద్ద పిరమిడ్ సెకెడ్ అయిదున్నర బెత్తెలు. ఏడు బెత్తెలు పైకి వెళ్తే అయిదున్నర లోపలికి. మన భాషలో ఆ ముఖం వాలు 7ను 5.5తో భాగించగా వచ్చేది, అంటే 14/11.

ఒక సంగతి గమనించాలి. మనం ఎత్తును అడ్డంతో భాగిస్తాం. ఈజిప్టువారు అడ్డాన్ని ఎత్తుతో భాగించారు. రెండూ ఒకే విషయాన్ని చెబుతాయి, తిరగేసి. పిల్లలు ఎప్పుడూ తడబడే ఒక ప్రశ్న ఇక్కడ తేటపడుతుంది. "చదునైన గీతకు వాలు సున్నా, నిలువు గీతకు వాలు నిర్వచితం కాదు, ఎందుకండీ?" అని అడుగుతారు. మన పద్ధతిలో నిలువు గోడకు అడ్డం సున్నా; సున్నాతో భాగించలేం కనుక సంఖ్య రాదు. అహ్మెస్ పద్ధతిలో నిలువు గోడ సెకెడ్ సున్నా, చదునైన నేలకే సెకెడ్ లేదు. అంటే లోపం గోడలోనూ లేదు, నేలలోనూ లేదు. దేనితో దేనిని భాగిస్తున్నామన్నదే అసలు విషయం. గోడ కట్టేవాడికి గోడ సులువైన సంఖ్య కావాలి, నేల మీద నడిచేవాడికి నేల సులువైన సంఖ్య కావాలి.

శంకువు, నీడ

మన దేశంలో వాలు లెక్క నీడ రూపంలో వచ్చింది. ఎండలో నిలువుగా ఒక కర్ర పాతి, దాని నీడను కొలిచి పొద్దును, దిక్కులను తెలుసుకునేవారు. ఆ కర్ర పేరు శంకువు. జ్యోతిష గ్రంథాల్లో దాని ఎత్తును 12 అంగుళాలుగా తీసుకోవడం పరిపాటి. నీడ 12 అంగుళాలుంటే సూర్యకిరణం 45 డిగ్రీల వాలులో వస్తున్నట్టు. నీడ 24 అంగుళాలైతే కిరణపు వాలు 12/24, అంటే అర. నీడను చూస్తూ మన పూర్వులు కొలిచింది కిరణం అనే సరళరేఖ వాలునే.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో శంకువు, దీపస్తంభం, నీడ లెక్కలున్నాయి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహం (9వ శతాబ్దం) చివరి అధ్యాయం ఛాయా వ్యవహారమే. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలోనూ ఆ ప్రకరణం ఉంది. మహావీరాచార్యుని గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కలను తెలుగులో చెప్పుకోవడం ఇంగ్లీషు బడులతో మొదలైంది కాదు.

ఈ లెక్కలన్నిటికీ ఆధారం త్రైరాశికం. మూడు రాశులు తెలిస్తే నాలుగోది తెలుస్తుంది. మూడడుగుల కర్ర నీడ నాలుగడుగులు పడిన వేళ తాటిచెట్టు నీడ 40 అడుగులుంటే చెట్టు ఎత్తు ఎంత? 40ని 4తో భాగించి 3తో గుణిస్తే 30 అడుగులు. ఇక్కడ వాడుకున్నది ఒకే ఒక్క నిజం: ఆ క్షణాన కర్రను తాకే కిరణానికీ చెట్టును తాకే కిరణానికీ వాలు ఒకటే, మూడు బై నాలుగు. ఒకే వాలున్న గీతలు సమాంతరాలని పదో తరగతిలో చదివిన నియమం ఇదే.

గీత మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా వాలు ఒకటే ఎందుకు వస్తుందన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. చిన్న మెట్టు గీసినా పెద్ద మెట్టు గీసినా, గీత కింద ఏర్పడే లంబకోణ త్రిభుజాలు సరూపాలు. కర్ర త్రిభుజం చిన్నది, చెట్టు త్రిభుజం పెద్దది, నిష్పత్తి మారదు. ఒక మధ్యాహ్నం పిల్లలను ఎండలోకి తీసుకెళ్లి జెండా కర్ర ఎత్తు కనుక్కోమంటే, సూత్రం బట్టీ పట్టకుండానే ఈ నిజం వాళ్లకు దొరుకుతుంది.

వేగం కూడా గీతే

అంతవరకూ వాలు అంటే కంటికి కనిపించే ఏటవాలు. కనిపించని దానికి కూడా వాలు ఉంటుందని చూపినవాడు 14వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు నికోల్ ఒరేమ్. తర్వాత లిసియూ పట్టణానికి బిషప్పు అయి, 1382లో కన్నుమూశాడు. కాలాన్ని అడ్డంగా ఒక గీతగా గీసి, ఒక్కొక్క క్షణాన ఉన్న వేగాన్ని దాని మీద నిలువు గీతలుగా నిలబెట్టాడు. వేగం మారకపోతే ఆ నిలువు గీతల కొసలు చదునుగా ఉంటాయి. సమంగా పెరుగుతూ పోతే కొసలు ఒక ఏటవాలు సరళరేఖ మీద పడతాయి.

"సమంగా పెరగడం" అంటే ఏమిటో ఆయన చెప్పిన తీరు చూడదగ్గది. మూడు బిందువులు తీసుకోండి. మొదటి రెండింటి మధ్య దూరానికీ తర్వాతి రెండింటి మధ్య దూరానికీ ఏ నిష్పత్తి ఉందో, వాటి పెరుగుదలలకూ అదే నిష్పత్తి ఉండాలి. ఉదాహరణకు ఒకటో నిమిషంలో వేగం 10, మూడో నిమిషంలో 30, నాలుగో నిమిషంలో 40 అనుకుందాం. రెండు నిమిషాల్లో 20 పెరిగింది, ఒక నిమిషంలో 10 పెరిగింది. రెండు చోట్లా నిమిషానికి 10. మూడు బిందువులు ఒకే సరళరేఖ మీద ఉన్నాయా అని పరీక్షించడానికి ఇవాళ పిల్లలు చేసే లెక్క ఇదే. సూత్రం, అక్షరాలు, గ్రాఫు కాగితం ఏవీ లేని రోజుల్లో ఆయన మాటలతోనే చెప్పాడు.

1637లో రెనే డెకార్ట్ తన రేఖాగణిత గ్రంథాన్ని అచ్చు వేశాడు. అదే కాలంలో పియర్ ద ఫెర్మా కూడా విడిగా ఇదే దారిలో నడిచాడు. ఆయన రాత ప్రతి అచ్చయింది మాత్రం ఆయన పోయాక, 1679లో. వక్రాన్ని సమీకరణంగా, సమీకరణాన్ని వక్రంగా చూడవచ్చన్నది వారిద్దరి కానుక. అయితే డెకార్ట్ పుస్తకం తెరిస్తే మన గ్రాఫు కాగితం కనబడదు. ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు అక్షాలు, నాలుగు పాదాలు, రుణ సంఖ్యల వైపు సాగే గీతలు తర్వాతి తరాల్లో స్థిరపడ్డవి. సరళరేఖ సమీకరణాన్ని పాఠంగా తీర్చిదిద్దడం 18వ శతాబ్దం చివర మోంజ్, లక్రువా వంటి ఫ్రెంచి గురువుల కాలంలో జరిగింది. పారాబొలా వంటి కష్టమైన వక్రాల మీద పండితులు దృష్టి పెట్టారు. గీత మరీ సులువనుకుని వదిలేశారు కాబోలు, దాని పాఠమే ఆలస్యంగా వచ్చింది.

"ఎం" ఎందుకు?

ప్రతి తరగతిలోనూ ఒకడైనా అడుగుతాడు: వాలుకు "ఎం" అన్న అక్షరం ఎందుకు? ఫ్రెంచిలో ఎక్కడం అనే క్రియ "మోంతే", దాని మొదటి అక్షరమే ఇది, డెకార్ట్ పెట్టాడు అని ఒక కథ చాలా పుస్తకాల్లో తిరుగుతుంది. వినడానికి బాగుంటుంది కానీ ఆధారం లేదు. డెకార్ట్ ఆ అక్షరాన్ని వాలుకు వాడలేదు. ఫ్రెంచి బడుల్లో వాలుకు తరచుగా రాసే అక్షరం "ఎ". రష్యాలో "కె".

ఇప్పటికి తెలిసినంతలో వాలుకు "ఎం" వాడిన మొదటి రచన 1757 నాటిది, ఇటలీకి చెందిన విన్సెంజో రికాటిది. ఇంగ్లీషులో మాథ్యూ ఓబ్రయన్ 1844లో వాడాడు. డబ్లిన్‌లోని జార్జ్ సాల్మన్ 1848లో శాంకవాల మీద రాసిన పుస్తకంలో "వై = ఎం ఎక్స్ + బి" అన్నాడు. ఐజాక్ టాడ్‌హంటర్ 1855లో చివరి అక్షరాన్ని "సి"గా రాశాడు. టాడ్‌హంటర్ పాఠ్యపుస్తకాలు, తర్వాత లోనీ 1895లో తెచ్చిన నిరూపక జ్యామితి మన దేశపు కాలేజీల్లో తరాల తరబడి నడిచాయి. అమెరికా పిల్లవాడు "ఎం ఎక్స్ + బి" అనీ, మన పిల్లవాడు "ఎం ఎక్స్ + సి" అనీ రాయడానికి కారణం ఈ పుస్తకాల బాటే. అమెరికాలో చదివే మనవలకు వీడియో కాల్‌లో లెక్కలు చెప్పే తాతయ్యలు ఇది గుర్తుంచుకుంటే ఒక చిక్కు తీరుతుంది.

మైలుకు కొన్ని అంగుళాలు

కాగితం మీద పొరపాటైతే మార్కు పోతుంది. నేల మీద పొరపాటైతే ఏమవుతుందో చెప్పే కథ మన చరిత్రలోనే ఉంది, అందులో మనకు బాగా తెలిసిన మనిషీ ఉన్నాడు.

కాలువకు వాలు చాలా కొద్దిగా ఉండాలన్నది రోమనుల నాటికే తెలుసు. దక్షిణ ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణానికి వారు కట్టిన నీటి కాలువ పొడవు సుమారు 50 కిలోమీటర్లు. ఊటకూ పట్టణానికీ మధ్య సూటి దూరం 20 కిలోమీటర్లే. కొండలు తప్పించుకుంటూ తిరిగి తిరిగి వస్తుంది. ఇంత దూరంలో అది దిగేది ఇరవై మీటర్లకు లోపే. దీనికి వారు వాడిన సాధనాల్లో ఒకటి కోరోబేట్స్. సుమారు 20 అడుగుల పొడవున్న చెక్క బల్ల అది, దానికి గుండుతాళ్లు, పైన నీళ్లు పోసే గాడి ఉంటాయని విట్రూవియస్ రాశాడు. మన మేస్త్రి చేతిలోని రసమట్టం, ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి చూసే ట్యూబ్ లెవెల్ దాని వారసులే.

ఇక 19వ శతాబ్దం. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్తరాదిన ప్రోబీ కాట్లే అనే మరో ఇంజనీరు హరిద్వార్ దగ్గర నుంచి గంగా కాలువ తవ్విస్తున్నాడు. ఆ పనికి మనుషులను తయారుచేయడానికే 1847లో రూర్కీ కాలేజీ పుట్టింది. 1854 ఏప్రిల్‌లో కాలువ తెరిచారు. ప్రధాన కాలువే సుమారు 560 కిలోమీటర్లు. సోలానీ నది మీదుగా కాలువను దాటించిన వంతెన కాలువను చూసి అంతా అబ్బురపడ్డారు.

అయితే కొద్ది ఏళ్లలోనే ఒక చిక్కు బయటపడింది. కాలువ అడుగుకు ఇచ్చిన వాలు ఎక్కువైంది. నీరు అనుకున్నదానికంటే వేగంగా పారి అడుగును కోసింది. మెట్టు మెట్టుగా నీటిని దించే కట్టడాల దిగువన గోతులు పడ్డాయి. ఎదురు వడిలో పడవలు నడపడం కష్టమైంది. 1860లలో కాటన్ ఈ కాలువ మీద గట్టి విమర్శలు చేశాడు. తల మరీ ఎగువన పెట్టారనీ, వాలు ఎక్కువనీ ఆయన వాదన. కాట్లే అచ్చు పుస్తకాలతోనే జవాబిచ్చాడు. ఇద్దరూ పేరున్న ఇంజనీర్లు, ఇద్దరూ సర్ బిరుదు పొందినవారు; వాదం బహిరంగంగా, ఘాటుగా నడిచింది. కాటన్ చెప్పిన వాటన్నిటినీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. తలను కిందికి మార్చనూ లేదు. కానీ వాలు విషయంలో కాలువను తిరిగి సరిదిద్దే పని మాత్రం చేయవలసి వచ్చింది.

ఎంత చిన్న తేడా ఎంత పని చేస్తుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక మైలు 5,280 అడుగులు, అంటే 63,360 అంగుళాలు. మైలుకు 12 అంగుళాలు దిగే కాలువ వాలు 5,280కు 1. మైలుకు 18 అంగుళాలు దిగితే 3,520కు 1. రెండింటి మధ్య తేడా మైలు మొత్తానికి ఒక జానెడు కూడా కాదు. కంటికి రెండూ చదునే. నీటికి మాత్రం కాదు. 18వ శతాబ్దంలో షెజీ అనే ఫ్రెంచి ఇంజనీరు చెప్పిన సూత్రం ప్రకారం, మిగతావన్నీ సమానమైతే నీటి వేగం వాలు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. వాలు ఒకటిన్నర రెట్లయితే వేగం సుమారు 1.22 రెట్లు, అంటే నూటికి 22 ఎక్కువ. ఒండ్రు నేలలో ఆ 22 చాలు అడుగు లేచిపోవడానికి.

తక్కువైనా ముప్పే. వాలు చాలకపోతే నీరు నెమ్మదించి, మోసుకొచ్చిన ఒండ్రును దారిలో దించేస్తుంది. కాలువ పూడుతుంది, పూడిక పెరిగే కొద్దీ వాలు ఇంకా తగ్గుతుంది. అప్పుడు నష్టపోయేది తూము పక్కనున్న రైతు కాదు, కాలువ చివరి రైతు. డెల్టాలో, సాగర్ ఆయకట్టులో "చివరి భూములకు నీళ్లందలేదు" అన్న మాట వినని ఏడాది ఉండదు. దాని వెనక నీటి కొరత, పంపకాల గొడవలు, పూడిక తీయని బద్ధకం ఎన్నో ఉంటాయి. వాటితో పాటు ఎక్కడో లెవెల్ పట్టిన మనిషి రాసుకున్న ఒక అంకె కూడా ఉంటుంది. పొడవైన ఒక కర్రను నిలబెట్టే లస్కరు, దుర్భిణిలోంచి చూసి అంకె చదివే ఓవర్సీరు, ఆ అంకెలను తీసివేసి దూరంతో భాగించే గుమస్తా: వీళ్లు చేసినది మన పదో తరగతి లెక్కే. వై2లోంచి వై1 తీసివేత, ఎక్స్2లోంచి ఎక్స్1 తీసివేత, ఒక భాగహారం.

కొండెక్కే రైలు

రైలు వచ్చాక వాలుకు మరో ముఖం కనబడింది. నున్నటి ఇనుప పట్టాల మీద నున్నటి ఇనుప చక్రం పెద్ద వాలు ఎక్కలేదు. అందుకే రైలు ఇంజనీరు కొండను చూడగానే అడిగే మొదటి ప్రశ్న "ఎంతకు ఒకటి?" అని. 1863లో తెరిచిన భోర్ ఘాట్ దారిలో వాలు 37కు 1 దాకా వెళ్లింది. మన విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ దారి తూర్పు కనుమలను ఎక్కడానికి యాభైకి పైగా సొరంగాలు దూరి, మెలికలు తిరుగుతుంది. శిమిలిగుడ చాలాకాలం దేశంలో అత్యంత ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరుపొందింది. మెలికలు ఎందుకంటే, కొండ ఎత్తును తగ్గించలేం. భిన్నంలో లవం చేతిలో లేనప్పుడు హారాన్ని పెంచాలి. దారిని పొడిగిస్తే వాలు తగ్గుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులకూ ఇదే కారణం.

అదీ చాలనప్పుడు పళ్ల పట్టా వేస్తారు. 1899లో మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా తెరిచిన నీలగిరి రైలులో వాలు దాదాపు 12కు 1. అక్కడ మామూలు చక్రం జారిపోతుంది కనుక ఇంజనుకున్న పళ్ల చక్రం, పట్టాల మధ్యనున్న పళ్ల కడ్డీని పట్టుకుని ఎక్కుతుంది. ఈ 12కు 1 అన్న అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తరగతి గదిలో

ఇంత చరిత్ర తెలిశాక సూత్రం వైపు చూస్తే అందులోని ప్రతి భాగానికీ ఒక పని కనిపిస్తుంది. (2, 3), (6, 11) అన్న రెండు బిందువులు తీసుకుందాం. అడ్డంగా 2 నుంచి 6కు వెళ్లాం, 4. నిలువుగా 3 నుంచి 11కు ఎక్కాం, 8. వాలు 8/4, అంటే 2. అడ్డంగా ఒక గడి జరిగితే పైకి రెండు గడులు.

పిల్లలు పొరబడే చోట్లు మూడే. ఒకటి, తీసివేత వరస. పైన రెండో బిందువులోంచి మొదటిది తీసేసి, కింద మొదటి దానిలోంచి రెండోది తీసేస్తారు. అప్పుడు 8/(–4) అయి –2 వస్తుంది. ఎక్కే గీత దిగే గీత అవుతుంది. ఎటునుంచి మొదలుపెట్టినా తప్పు లేదు, పైనా కిందా ఒకే వైపు నుంచి మొదలుపెట్టాలి. (–8)/(–4) కూడా 2 కదా. రెండు, తిరగేయడం. 4/8 రాస్తే అది అహ్మెస్ సెకెడ్ అవుతుంది, మన వాలు కాదు. మూడు, గడుల విలువ చూడకపోవడం. అడ్డం గడి ఒక సంవత్సరం, నిలువు గడి వెయ్యి రూపాయలు అయితే వాలు "ఏడాదికి ఇన్ని వేలు". పత్రికల్లో ధరల గ్రాఫు నిటారుగా కనిపించినప్పుడు ముందు పక్కనున్న అంకెలు చూడాలి. గడులను సాగదీసి ఏ గీతనైనా నిటారుగా చూపవచ్చు, గడులు నొక్కి ఏ గీతనైనా పడుకోబెట్టవచ్చు. కంటిని మోసగించవచ్చు, భాగహారాన్ని మోసగించలేరు. ఓటు వేసే వయసుకు వచ్చే పిల్లలకు ఈ ఒక్క అలవాటు నేర్పగలిగితే చాలు, ఆ పాఠం వృథా పోలేదు.

మన మెట్ల దగ్గర

చివరి మాట మన బడి గురించి. యాభై ఏళ్ల కిందట ఈ సంఘం పెట్టుకున్న మొదటి తరం వారికి ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలను బడి కాదనకూడదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. చట్టం చెప్పకపోయినా మనం చేయవలసిన పనే అది. స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కట్టాలన్న ఆలోచన వినిపిస్తోంది. ద్వారం కంటే ముందు రాంపు కడదామని నా మనవి.

అయితే ఎలాంటి రాంపు? చాలా ఆఫీసుల ముందు, బ్యాంకుల ముందు మెట్ల పక్కన ఇరుకు చోటులో గబుక్కున పోసేసిన సిమెంటు రాంపులు చూస్తుంటాం. మూడడుగుల పొడవులో రెండడుగులు ఎక్కే ఆ వాలు మోటారు సైకిలుకు పనికొస్తుందేమో, చక్రాల కుర్చీకి కాదు. మనిషి తన చేతులతో కుర్చీని ఎక్కించుకోవాలంటే వాలు 12కు 1 మించకూడదన్నది నిర్మాణ నియమం. నీలగిరి కొండ మీద ఆవిరి ఇంజనుకు పళ్ల చక్రం కావలసి వచ్చిన వాలు దాదాపు అదే. రెండు చేతులతో ఎక్కే మనిషికి అదే ఆఖరి హద్దు. అంతకంటే తగ్గితే ఇంకా మేలు.

లెక్క సులువు. అరుగు ఎత్తు రెండడుగులు ఉంటే రాంపు పొడవు కనీసం 24 అడుగులు. సూటిగా అంత చోటు లేకపోతే కొండ రైలులా ఒక మలుపు తిప్పాలి, మలుపు దగ్గర కుర్చీ ఆగి తిరగడానికి చదునైన తావు వదలాలి, రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు పెట్టాలి. మేస్త్రి "ఇంత పొడవెందుకండీ, సగంలో తెమిలిపోతుంది" అంటాడు. అప్పుడు ఒప్పుకోకూడదు. సగం పొడవు అంటే రెట్టింపు వాలు.

ఆ కొలత తీసే పనిని ఇప్పటి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకే అప్పగిద్దాం. టేపు, ట్యూబ్ లెవెల్ చేతికిస్తే అరుగు ఎత్తు, చోటు పొడవు వాళ్లే కొలుస్తారు, ఒకదానిని మరొకదానితో భాగిస్తారు. కట్టడం పూర్తయ్యాక మళ్లీ కొలిచి, వచ్చిన అంకెను రాంపు పక్క గోడ మీద వాళ్ల చేతే రాయిద్దాం. దాతల పేర్ల పలక తర్వాత పెట్టుకోవచ్చు.